తీసిన పాత నూనె

ధ్యాన వాక్యభాగము: లేవీయకాండము 6:10, 11



రాత్రియంతయు బలిపీఠము మీద అగ్ని మండిన తరువాత, తెల్లవారగానే యాజకుడు చేయవలసిన పని ఏమో ఈ వాక్యభాగములో వ్రాయబడియున్నది. అతడు నారబట్టలు ధరించి, కాలిపోయిన దహనబలి బూడిదను ఎత్తి బలిపీఠము ప్రక్కను ఉంచవలెను. పిమ్మట ఆ బట్టలు విడిచి, వేరు బట్టలు కట్టుకొని, ఆ బూడిదను పాళెము బయటనున్న శుద్ధమైన చోటికి తానే మోసికొని పోవలెను. ఈ భాగమును మనము చదివి దాటిపోవుదుము. బూడిద ఎత్తుటలో ధ్యానించుటకు ఏమున్నది అని తలంచుదుము. అయితే ఇందులో మూడు సంగతులు కలవు. మంట మండిన చోట బూడిద తప్పదు. బూడిద తీయనిదే మంట నిలువదు. తీసిన బూడిదను ఎక్కడబడితే అక్కడ పారవేయరాదు.

ఈ మాసము ఈ మూడు సంగతులను మన వీధులలో నిత్యము జరుగుచున్న ఒక పనితో కలిపి ఆలోచింతము. ఆ పని కారు ఇంజనుకు నూనె మార్చుట. మన సంఘములలో అనేకులు నేడు బాడుగ కార్లు, వ్యానులు, ట్రాక్టర్లు, ఆటోలు నడిపి కుటుంబములను పోషించుకొనుచున్నారు. మెకానిక్కునకు ఇచ్చు కూలి మిగులునని ఇంటి ముందరనే నూనె మార్చుకొనువారును కలరు. అది మంచి పని, తన చేతులతో తన పని చేసికొనుట గౌరవము. అయితే ఆ పని ఎక్కడ ముగియునో తెలిసికొనుట అవసరము.

1. మంట ఉన్నచోట బూడిద తప్పదు

మన తాతల కాలములో ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయనిదే బండి కట్టెడివారు కారు. ఆముదము మనకు క్రొత్త వస్తువు కాదు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతముల మెట్ట భూములలో పండించిన పంటయే అది. ఆ ఆముదమే తొలినాటి మోటారు ఇంజనులకు, విమానములకు కూడ కందెనగా పనిచేసినది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అను వ్యాపారి ఖనిజ నూనెలో ఆముదమును కలిపి, 1909లో దానికి క్యాస్ట్రాల్ అను పేరు పెట్టెను. ఆముదమునకు ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అను పేరు నుండియే ఆ పేరు పుట్టినది. బండి ఇరుసునకైనను, కారు ఇంజనునకైనను కందెన చేయు మొదటి పని ఒక్కటే. ఇనుము ఇనుమును తాకకుండ వాటి నడుమ పలుచని పొరగా నిలుచుట.

ఇంజనులోని నూనెకు ఇంకను పనులు కలవు. అది లోపలి వేడిని మోసికొని పోవును. తుప్పు పట్టకుండ కాపాడును. అన్నిటికంటె ముఖ్యముగా అది ఇంజనును కడుగును. పెట్రోలుగాని డీసెలుగాని కాలునప్పుడు మసి పుట్టును, కొంత నీటి ఆవిరి పుట్టును, ఆమ్లములు పుట్టును. అరిగిన లోహపు రజను రాలును. వీటన్నిటిని నూనె తనలోనికి తీసికొని, ఇంజను గోడలకు అంటనియ్యక తనయందే పట్టియుంచును. అందుకొరకు తయారుచేయువారు దానిలో ప్రత్యేకమైన మందులు కలుపుదురు. కొంత మురికిని ఆయిల్ ఫిల్టరు వడగట్టును. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనునతడు మోటారు కారునకు అట్టి ఫిల్టరును తయారుచేసెను. అయినను కంటికి కనబడని మసి ఫిల్టరు దాటి నూనెలోనే తిరుగుచుండును.

కాబట్టి నూనె నల్లబడెనని దానిని నిందింపవద్దు. అది నల్లబడుట దాని పని అది చేసినదనుటకు గుర్తు. డీసెలు ఇంజనులో క్రొత్త నూనె పోసిన కొద్ది దినములకే నల్లనగును. రంగు చూచి మాత్రమే నూనె చెడినదని చెప్పుటకు వీలులేదు. అయితే ఎంత నమ్మకమైన నూనెయైనను మోయగలిగిన బరువునకు ఒక మేర కలదు. కలిపిన మందులు క్రమముగా ఖర్చగును. వేడికి నూనె చిక్కబడును. మోయలేని మురికి అడుగున జిగటబురదగా పేరుకొనును. అప్పుడు సన్నని దారులు మూసికొనిపోవును, నూనె అందని చోట ఇనుము ఇనుముతో రాచుకొనును, ఒక దినమున ఇంజను పట్టివేయును. బాడుగ కారు మీద బ్రతుకు కుటుంబమునకు అది ఎంత గొప్ప దెబ్బయో చెప్పనక్కరలేదు. నెలల తరబడి సంపాదించినది ఒక్కసారిగా పోవును, పిల్లల ఫీజులు నిలిచిపోవును, అప్పు మొదలగును.

2. బూడిద తీయనిదే మంట నిలువదు

కొందరు నూనె తగ్గినప్పుడెల్ల పైన కొంచెము పోసి, మార్చితిమని తృప్తిపడుదురు. పైన పోయుట వేరు, మార్చుట వేరు. పాత మురికి అడుగుననే ఉన్నది, క్రొత్తది దానితో కలిసి అదియు మురికియగును. మన ప్రవర్తనలోను ఇట్లే జరుగుచున్నది. ఆదివారము ఒక పాట, ఒక ప్రార్థన పైన పోసికొని, పాత పగను, పాత అబద్ధమును అడుగుననే ఉంచుకొందుము. యాజకుడు పాత బూడిద మీదనే క్రొత్త కట్టెలు పేర్చి ఊరుకొనలేదు. మొదట బూడిద ఎత్తెను.

నూనె మార్చువారికి కొన్ని మాటలు చెప్పుచున్నాను. ఇవి తెలిసినవారికి క్రొత్తవి కావు. అయినను క్రొత్తగా నేర్చుకొను యౌవనస్థులు మన మధ్య కలరు.

ఎప్పుడు మార్చవలెనో కారుతోపాటు ఇచ్చిన పుస్తకములో వ్రాసియుండును. పాత కార్లకు 5,000 కిలోమీటర్లకు మార్చుట వాడుక. ఇప్పటి అనేకమైన కార్లకు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, వీటిలో ఏది ముందు వచ్చిన అది. కారు ఇంటనే నిలిచియున్నను సంవత్సరమునకు మార్చవలసినదే. ఏ నూనె పోయవలెనో అదే పుస్తకము చెప్పును. డబ్బా మీద 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 అని ఉండు అంకెలు నూనె చిక్కదనమును తెలుపును. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము 1911లో మొదట ఏర్పరచిన పద్ధతి నుండి ఇవి వచ్చినవి. డబ్ల్యూ అను అక్షరము శీతకాలమునకు గుర్తు. దుకాణదారుడు ఏది ఇచ్చిన అది పోయక, పుస్తకములోనున్న అంకెలు అడిగి తీసికొనుడి.

నట్టు విప్పకమునుపే క్రొత్త నూనె, క్రొత్త ఫిల్టరు, నట్టుకు క్రొత్త వాషరు, పాత నూనె పట్టుటకు వెడల్పాటి పళ్లెము, ఇవన్నియు దగ్గర ఉంచుకొనుడి. చిన్న కారుకు సుమారు 3 లీటర్లు సరిపోవును, పెద్ద వాటికి 5 లీటర్లు లేక అంతకంటె ఎక్కువ కావలసియుండును. నూనె తెచ్చుకొనక దివిటీలు పట్టుకొని వచ్చిన అయిదుగురు కన్యకలు అర్ధరాత్రి అంగడికి పరుగెత్తవలసి వచ్చెనని మత్తయి 25వ అధ్యాయములో ప్రభువు చెప్పెను. పాత నూనెనంతయు కార్చివేసిన తరువాత క్రొత్తది లేదని తెలిసికొనువాని గతియు అట్టిదే. అంగడికి పోవుటకు వానికి కారు కూడ ఉండదు.

కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టుడి. ఇంజనును కొద్ది నిమిషములు నడిపి ఆపుడి. నూనె గోరువెచ్చనైనయెడల మురికిని తీసికొని సులభముగా దిగును. మిక్కిలి వేడిగా ఉన్నప్పుడు విప్పినయెడల చేయి కాలును. కారు ఎత్తవలసి వచ్చినయెడల జాకీ ఒక్కదానినే నమ్మి దాని క్రిందికి దూరవద్దు. జాకీ జారిన యెడల ప్రాణమే పోవును. గట్టి స్టాండ్లు పెట్టి, కారును కదిపి చూచి, ఆ తరువాతనే క్రిందికి వెళ్లుడి. పిల్లలను దూరముగా ఉంచుడి.

పైన నూనె పోయు మూత తీసి, క్రింద చాంబరు నట్టును సరియైన పానాతో విప్పి, కడపటి చుక్క వరకు కారనియ్యుడి. ఇక్కడ తొందర పనికిరాదు. పాత ఫిల్టరు విప్పునప్పుడు దాని రబ్బరు వలయము ఇంజనుకు అంటుకొని మిగిలిపోలేదని చూచుకొనుడి. క్రొత్త ఫిల్టరు వలయమునకు వ్రేలితో కొంచెము క్రొత్త నూనె రాచి, చేతితోనే బిగింపుడి. నట్టును వాషరుతో బిగింపుడి, అయితే మరలు చెడునంత బలము చూపవద్దు. అప్పుడు క్రొత్త నూనె పోసి, ఇంజనును కొంతసేపు నడిపి, క్రింద ఎక్కడైనను కారుచున్నదేమో చూడుడి. ఆపి, కొన్ని నిమిషములు ఆగి, ఆయిల్ గేజిని తుడిచి ముంచి చూడుడి. రెండు గుర్తుల నడుమ నూనె ఉండవలెను. తక్కువైనను చెరుపే, ఎక్కువైనను నురుగు పట్టి చెరుపే. తేదీని, మీటరు మీది కిలోమీటర్లను ఒక చీటి మీద వ్రాసి కారులో ఉంచుడి.

ఇంతటితో పని అయినదని చేతులు తుడుచుకొని లేచువారు అనేకులు. కాని పళ్లెము ఇంకను నిండుగా ఉన్నది.

3. తీసినదానిని ఎక్కడ పోయుదుము?

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదే. ఆ పళ్లెములోని నల్లని నూనె ఎవరిది? నిన్నటివరకు అది మన ఇంజనుకు సేవ చేసినది. మన సంపాదన కొరకే అది నల్లబడినది. ఇప్పుడు దానిని ఎత్తి మురుగుకాలువలోనో, పంటకాలువ గట్టు మీదనో, పెరటిలోని చెట్టు మొదటనో పోసినయెడల, మన మురికిని పొరుగువాని పాత్రలో పోసినవారమగుదుము.

నేల మీద పోసిన నూనె అక్కడనే నిలిచియుండదు. వానతో కదలును, ఇంకును, బావివైపునకు బోరువైపునకు దిగును. కాలువలో పోసినది నీటి మీద పొరగా పరచుకొని, గాలిని వెలుతురును అడ్డగించి, చేపలకు ఊపిరాడకుండ చేయును. అమెరికా దేశపు పర్యావరణ సంస్థ తన ప్రజలకు చెప్పు లెక్క ఒకటి కలదు. ఒక్క కారుకు ఒక్కసారి నూనె మార్చగా వచ్చిన పాత నూనె పది లక్షల గాలన్ల మంచినీటిని చెరుపగలదట. అనగా సుమారు 38 లక్షల లీటర్లు. అది యాబది మందికి ఒక సంవత్సరమునకు సరిపడు నీరని వారి లెక్క. మన ఊరిలో ఎన్ని కార్లు, ఎన్ని ట్రాక్టర్లు కలవో మీరే లెక్కించుకొనుడి.

కొందరు ఆ నూనెను చెదలు పట్టకుండ వాసములకు, కంచె గుంజలకు పూయుదురు. కొందరు పొయ్యిలోనో ఇటుక బట్టీలోనో పోసి కాల్చుదురు. పారవేయుటకంటె ఇది మేలుకదా అని అడుగవచ్చును. అడుగువాడు దుష్టుడు కాడు. ఒక చుక్కయు వృథా చేయకూడదని పెద్దలు నేర్పిన పొదుపే అతనిచేత ఆలాగు చేయించుచున్నది. అయితే కందెన ఆముదము వేరు, ఇంజనులో కాలిన నూనె వేరు. దీనిలో లోహపు రజను, మసిలోని విషపదార్థములు కలవు. గుంజకు పూసినది వానకు కడుగబడి నేలలో చేరును. కాల్చినది పొగయై పిల్లల ఊపిరితిత్తులలో చేరును. ఈ నూనెను ఎలుకల చర్మము మీద మాటిమాటికి పూసి పరీక్షించినప్పుడు వాటికి చర్మపు క్యాన్సరు వచ్చినది. గనుక షెడ్లలో పనిచేయు మన పిల్లలు చేతులకు తొడుగులు వేసికొనవలెను, పని అయిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. నూనె గుడ్డను జేబులో పెట్టుకొని తిరుగరాదు.

లేఖనములు ఈ విషయములో మౌనముగా లేవు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో, పాళెములో ఉన్నవాడు తన మలమును మట్టితో కప్పుటకు ఒక పనిముట్టును వెంట ఉంచుకొనవలెనని ఆజ్ఞ కలదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో, గొయ్యి త్రవ్వి మూయక విడిచినవాడు దానిలో పడిన ఎద్దునకు గాని గాడిదకు గాని నష్టము ఇచ్చుకొనవలెనని కలదు. నేను తోయలేదుగదా అని అతడు తప్పించుకొనుటకు వీలులేదు. యెహెజ్కేలు 34వ అధ్యాయములోనైతే దేవుడు క్రొవ్విన గొఱ్ఱెలను అడుగుచున్నాడు. తాము తేట నీళ్లు త్రాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో కలచి, బలహీనమైన వాటికి ఆ బురద నీటినే మిగిల్చినందుకు ఆయన వాటిని నిలదీయుచున్నాడు. కారు ఉన్నవాడు శుద్ధిచేసిన నీటి డబ్బాను కొనుక్కొని త్రాగగలడు. కాలువ నీరు, చేతిబోరు నీరు త్రాగునది ఎవరు? కూలికి పోవు తల్లియు, గొడ్లు కాయు పిల్లవాడునుగదా. మన ఇంజను శుభ్రమైనందుకు వారు వెల చెల్లింపవలెనా?

మరి ఏమి చేయవలెను? యాజకునివలె శుద్ధమైన చోటికి మోసికొని పోవలెను. క్రొత్త నూనె వచ్చిన ఖాళీ డబ్బాలోనే పాత నూనెను గరాటుతో పోసి, మూత గట్టిగా బిగించి, పాత నూనె అని దాని మీద వ్రాయుడి. త్రాగు నీళ్ల సీసాలో ఎన్నడును పోయవద్దు. పిల్లవాడు ఎత్తి త్రాగిన తరువాత విచారించి ప్రయోజనములేదు. దానిలో నీళ్లుగాని, పెట్రోలుగాని, రంగుగాని కలుపవద్దు, కలిపినయెడల మరల శుద్ధిచేయుట కష్టమగును. పాత ఫిల్టరును తలక్రిందులుగా ఉంచి, దానిలోని నూనె అంతయు కారిన తరువాత అదే సంచిలో చేర్చుడి. పట్టణమునకు వెళ్లునప్పుడు, పాత నూనెను పోగుచేసి అనుమతి పొందిన శుద్ధికర్మాగారమునకు పంపు సర్వీసు కేంద్రములో ఇయ్యుడి. పంపుదురో లేదో అడిగి తెలిసికొనియే ఇయ్యుడి. మన దేశములో 2016 నాటి నియమములు వాడిన నూనెను ప్రమాదకరమైన వ్యర్థములలో చేర్చినవి. 2023లో ఆ నియమములను సవరించి, నూనె తయారుచేయువారును దిగుమతి చేయువారును వాడిన నూనెను తిరిగి శుద్ధిచేయించు బాధ్యత వహింపవలెనని నిర్ణయించిరి. అది 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఒక్కరికి ఒక డబ్బా మోసికొని పోవుట శ్రమగా తోచినయెడల, సంఘములోని డ్రైవరు సహోదరులు కలిసి ఒక మూత ఉన్న పీపా పెట్టుకొని, నిండినప్పుడు ఒకరు వంతుగా పట్టణమునకు చేర్చవచ్చును. దానికి పెద్ద ఖర్చు లేదు. ఎండ, వాన, పిల్లలు చేరని చోట అది ఉండవలెను, అంతే.

ఇందులో ఆదరణకరమైన మాట ఒకటి కలదు. నూనె మురికియగును గాని అరిగిపోదు. శుద్ధికర్మాగారములో దానిని వేడిచేసి నీటిని తొలగింతురు, గాలి లేని పాత్రలో మరిగించి మురికిని వేరుపరతురు, మందులు మరల కలుపుదురు. అది తిరిగి మంచి నూనెయై ఇంకొక ఇంజనులో పనిచేయును. కాలువలో పోసినయెడల విషమగునదియే, సరియైన చోటికి చేర్చినయెడల మరల పనికివచ్చును.

మన హృదయముల విషయమేమి?

సహోదరులారా, ఇంజనులోని నలుపును గూర్చి మాటలాడితిమి. మన లోపలి నలుపును గూర్చి ఒక్క మాట. దినమంతయు పనిచేయు మనుష్యునిలో మసి చేరక మానదు. యజమాని తిట్టును, ప్రయాణికుడు బాడుగ ఎగవేయును, ఎండ కాల్చును. ఆ కోపమును అతడు పగలంతయు మ్రింగుకొని, సాయంకాలము ఇంటికి వచ్చి భార్య మీద, పిల్లల మీద కుమ్మరించును. తన లోపల తేలికయైనది. ఇల్లంతయు నల్లనైనది. స్త్రీలు కూడ కొందరు ఒక ఇంటిలోని బాధను ఇంకొక ఇంటి గుమ్మములో పోసి వత్తురు, సాయంత్రమునకు ఆ మాట వీధియంతయు పారును. మనసులోనున్నది బయటికి తీయవలసినదే. లోపల ఉంచుకొన్నయెడల బురదగా పేరుకొనును. అయితే ఎక్కడ పోయుచున్నామో చూచుకొనవలెను. దానిని తీసికొని పోవుటకు ఒక శుద్ధమైన చోటు కలదు. మోకాళ్లూని ప్రభువు పాదముల యొద్దకు తెచ్చినయెడల, ఆయన దానిని తీసికొని, పనికిరాదనుకొన్న మనలను మరల పనికివచ్చునట్లు చేయును. మన కోపము ఏమియు ఎరుగని పసిబిడ్డ మీద దానిని పోయనక్కరలేదు.

కాబట్టి ఈ మాసము నూనె మార్చు ప్రతి సహోదరుడు పళ్లెము ఎత్తునప్పుడు ఒక క్షణము ఆగి, ఇది ఎక్కడికి పోవుచున్నది అని తన్ను తాను ప్రశ్నించుకొనును గాక. కాలువ దిగువన నీళ్లు ముంచుకొనువారు మనకు ఎదురుగా కనబడరు. వారి పేర్లు మనకు తెలియవు. అయినను వారు మన పొరుగువారే. వారి కడవలలోని నీరు తేటగా ఉండునట్లు చేయుట కూడ దేవుని సేవయే.

మన లోపలి బూడిదను దినదినము ఎత్తివేయుటకును, ఎత్తినదానిని తగిన చోటికి మోసికొని పోవుటకును ప్రభువు మనకందరికి బలము దయచేయును గాక. ఆమేన్.